వలస అంగళ్లు – 9: మిస్సిసిపీ డెల్టాలో చైనావాళ్ల కొట్టు

గత సంచికలో దర్బన్ గ్రే స్ట్రీట్ గుజరాతీ వర్తకుల గురించి చెప్పుకున్నాం. ఈసారి అట్లాంటిక్ దాటి అమెరికా దక్షిణాదికి, మిస్సిసిపీ రాష్ట్రంలోని డెల్టాకు వెళదాం. 2025లో వచ్చిన 'సిన్నర్స్' సినిమా చూసినవాళ్లకు అందులోని 1932 నాటి క్లార్క్స్‌డేల్ బజారు గుర్తుండే ఉంటుంది. వీధికి ఒక పక్క నల్లవారి కోసం ఒక కొట్టు, ఎదుటి పక్క తెల్లవారి కోసం మరో కొట్టు, రెంటినీ నడిపేది ఒకే చైనా జంట. పత్తిచేలకూ బ్లూస్ పాటలకూ పేరుపడ్డ ఆ నేల మీద చైనావాళ్లేమిటని చాలామందికి అనిపించి ఉంటుంది. దర్శకుడు ర్యాన్ కూగ్లర్ ఆ కుటుంబాన్ని కల్పించుకున్నాడు గాని, అలాంటి కొట్లను కల్పించలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గ్రీన్‌విల్, క్లీవ్‌లాండ్, రోజ్‌డేల్ లాంటి డెల్టా ఊళ్లలో నల్లవారి పేటలోకి అడుగుపెడితే మలుపులో చైనావాళ్ల కిరాణా కొట్టు ఉండేది. సరుకులు, అప్పు, కబుర్లు, కూలి పని ఆచూకీ అన్నీ అక్కడే. ఎవరో ఎక్కడినుంచో వచ్చి పెట్టుకున్న కొట్టు ఆ పేటకు కూడలి ఎలా అయింది? కొట్టువాడి మంచితనమనీ, పొదుపనీ, కష్టపడే స్వభావమనీ సాధారణంగా చెబుతుంటారు. ఆ జవాబు నాకు సరిపోదు. కౌంటరుకు ఇటున్న వాళ్లకూ అటున్న వాళ్లకూ కూడా చట్టం మిగతా తలుపులు మూసేసింది. తెరిచి ఉన్న ఒక్క తలుపు దగ్గర ఇద్దరూ కలిశారు. ఆధారాలు ఈ మాటనే బలపరుస్తున్నాయి.

ముందు నేల సంగతి. పేరు డెల్టా అయినా ఇది నది సముద్రంలో కలిసే చోటు కాదు. మెంఫిస్ నుంచి దక్షిణాన విక్స్‌బర్గ్ దాకా, మిస్సిసిపీ, యాజూ నదుల నడుమ దాదాపు మూడు వందల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఒండ్రు మైదానం. పత్తికి బంగారం లాంటి భూమి. 1865లో బానిసత్వం రద్దయ్యాక అక్కడి ఎస్టేటు యజమానులకు రెండు బెడదలు వచ్చిపడ్డాయి. ఇకమీదట కూలి ఇస్తే గాని పని జరగదు. పైగా ఆ కూలివాడికి ఓటు కూడా వచ్చింది. 1870లో హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి నాయకుడు మిస్సిసిపీ తరఫున అమెరికా సెనేట్‌లో కూర్చున్నాడంటే యజమానుల గుండెల్లో ఎలాంటి రాయి పడిందో ఊహించుకోవచ్చు. ఓటు అడగని, కూలి బేరమాడని మనుషుల కోసం 1869 జూలైలో మెంఫిస్‌లో సభ పెట్టి, చైనా కూలీలను రప్పించే ఏర్పాట్లు చర్చించుకున్నారు. మన ఉత్తరాంధ్ర జిల్లాల జనాన్ని మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కించిన రోజులు కూడా దగ్గర దగ్గరగా అవే. బానిసత్వం పోయిన చోటల్లా తోటల యజమానులు ఆసియా వైపు చూశారు. డెల్టాలో ఆ పథకం పారలేదు. వచ్చినవాళ్లు కొద్దిమందే, వాళ్లు కూడా చేలో నిలవలేదు. 1880 జనాభా లెక్కల్లో మిస్సిసిపీ రాష్ట్రం మొత్తంలో తేలిన చైనీయులు 51 మంది. తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది పొలం ముఖం చూడలేదు. దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సీయీ అనే నాలుగు తాలూకాల ప్రాంతం నుంచి, ముందొచ్చిన బంధువుల పిలుపు మీద, తిన్నగా కొట్టుకే వచ్చారు.

కొట్టుకే ఎందుకు? 1882లో అమెరికా చేసిన చైనీయుల బహిష్కార చట్టం చూస్తే తెలుస్తుంది. చైనా కూలీలు దేశంలోకి రాకూడదని ఆ చట్టం శాసించింది. ఇప్పటికే ఉన్న చైనీయులకు పౌరసత్వం ఇవ్వరాదంది. అయితే వర్తకులకు మినహాయింపు ఉంది. వర్తకుడైతే చైనాకు వెళ్లి తిరిగి రావచ్చు. 1900లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చాక భార్యాబిడ్డలను కూడా తెచ్చుకోవచ్చు. చాకలి పని చేసేవాడికీ, హోటల్లో వంట చేసేవాడికీ ఆ వీలు లేదు. అంటే కొట్టు అతనికి బతుకుదెరువుతో పాటు వీసా కూడా. 1893లో చేసిన సవరణ ఇంకొక మెలిక పెట్టింది. దేశం దాటి వెళ్లిన వర్తకుడు తిరిగి రావాలంటే, అంతకుముందు ఏడాది పాటు వ్యాపారమే చేశాడనీ, దానికి అవసరమైన పని తప్ప ఒళ్లు వంచి కూలి పని ఏదీ చేయలేదనీ చైనీయులు కాని ఇద్దరు సాక్షులు చెప్పాలి. ఈ నిబంధన చదివినప్పుడల్లా నాకు ఆ కొట్టువాడి పరిస్థితి కళ్లకు కడుతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా పిండి బస్తాలు మోస్తాడు, కాగితం మీద మాత్రం కూలివాడు కాడు. ఆ మాట చెప్పి పెట్టడానికి ఊళ్లో టోకు వ్యాపారి, బ్యాంకు మనిషి లాంటి తెల్లవాళ్లతో మంచిగా ఉండి తీరాలి. డెల్టా చైనావాళ్ల అణకువ గురించి తర్వాతి రోజుల్లో తెల్లవాళ్లు మెచ్చుకోలుగా చెప్పుకునేవారు. ఆ అణకువలో ఈ చట్టం పాలు ఎంతో వాళ్లకు తట్టినట్టు లేదు.

ఇక కౌంటరుకు అవతలి వైపు. బానిసత్వం పోయినా నల్లవారికి భూమి రాలేదు. యజమాని భూమిలో సగం పాలుకు పత్తి పండించేవారు. దుక్కి మొదలైన నాటి నుంచి పత్తి తీతల దాకా తిండికీ బట్టకీ యజమాని అప్పిస్తాడు. ఆ అప్పు ఎస్టేటు కొట్లోనే వాడుకోవాలి. చాలాచోట్ల డాలర్లు కూడా ఇవ్వరు, ఎస్టేటు సొంతంగా కొట్టించిన బిళ్లలే, బయట చెల్లవు. ధర యజమానిదే, వడ్డీ యజమానిదే, పద్దు రాసేది కూడా యజమాని గుమాస్తానే. క్రిస్మస్ ముందు లెక్క చూసి "ఈ ఏడు కూడా నువ్వే బాకీ" అంటే అక్కడితో సరి. ఎరువుల కొట్లో అప్పు తెచ్చి, అదే కొట్టు యజమానికి పత్తి తూచి ఇచ్చే మన గుంటూరు, వరంగల్ రైతుకు ఈ ఏర్పాటు విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే అక్కడ లెక్క అడగడం ప్రాణాల మీదికి తెచ్చేది. నదికి ఆవలి గట్టున ఆర్కన్సాలో ఎలేన్ అనే ఊరి దగ్గర 1919లో పాలు రైతులు సంఘం పెట్టుకొని పద్దులు చూపించమని అడగబోయారు. సెప్టెంబరు 30 రాత్రి వాళ్లు చర్చిలో కూడి ఉండగా కాల్పులు మొదలయ్యాయి. తర్వాత కొన్ని రోజుల పాటు తెల్ల మూకలూ సైనికులూ చంపిన నల్లవారి లెక్క ఇప్పటికీ తేలలేదు.

ఈ పరిస్థితిలో ఎస్టేటు గేటు బయట, యజమానికి సంబంధం లేని మనిషి పెట్టుకున్న కొట్టు అంటే ఏమిటి? అక్కడ ఏం కొన్నామో దొరగారి పద్దుకెక్కదు. పత్తిచేలో కలుపు తీసినందుకు వచ్చిన రోజు కూలి డబ్బులతో అప్పటికప్పుడు కొనవచ్చు. డబ్బు లేకపోతే వారం వాయిదా మీద ఇస్తాడు. సోషియాలజిస్టు జేమ్స్ లోవెన్ 1960లలో డెల్టాలో తిరిగి, 1971లో 'ది మిస్సిసిపీ చైనీస్' అనే పుస్తకం వేశాడు. అందులో ఆ కొట్లు ఎలా నడిచేవో వివరంగా ఉంది. మొదటి తరం కొట్టువాడికి ఇంగ్లిష్ రాదు. కౌంటరు మీద ఒక కర్ర ఉంటుంది. వచ్చినవాళ్లు దాన్ని పుచ్చుకొని అరలో కావలసిన డబ్బా వైపు చూపిస్తారు. సరుకు అయిపోతే ఖాళీ డబ్బా పారేయకుండా దాచి, టోకు వ్యాపారి మనిషి వచ్చినప్పుడు అది చూపించి ఇలాంటివి ఇన్ని అని చేత్తో చెబుతాడు. అమ్మేవి మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం, మొలాసిస్, కిరోసిన్, ముక్కుపొడి, సార్డీన్ చేపల డబ్బాలు. అయిదు సెంట్లకు ఎంత వస్తే అంత కోసి, తూచి, పొట్లం కట్టి ఇస్తాడు. కొట్టు వెనక గదిలోనే కాపురం. పిల్లలు కౌంటరు కింద ఆడుకుంటూ పెరిగి, చెయ్యి అందగానే చిల్లర లెక్కపెట్టడంలోకి దిగుతారు. పెరట్లో చైనా ఆకుకూరలూ కాకరపాదూ వేసుకునేవారు. ఈ పిల్లల ఇంగ్లిష్ కొట్టుకొచ్చే నల్లవారి దగ్గర నేర్చుకున్నది. ఇవాళ్టికీ డెల్టా చైనావాళ్ల నోట దక్షిణాది సాగదీత వింటే బయటివాళ్లు తలతిప్పి చూస్తారు.

శనివారం సాయంత్రం ఎస్టేటుల నుంచి జనం బజారుకు వచ్చే వేళ. కొట్టు అర్ధరాత్రి దాకా తెరిచే ఉండేది. తెల్లవారి దుకాణంలోకి నల్లవాడు వెళితే తెల్ల గిరాకీ అంతా అయిపోయేదాకా పక్కన నిలబడాలి. పని అయిపోగానే బయటికి నడవాలి. చైనావాళ్ల కొట్లో కూర్చోవచ్చు, నవ్వవచ్చు, కబుర్లాడవచ్చు. వంగి వంగి దండాలు పెట్టనక్కరలేదు. రోజు కూలీలు కావలసినవాళ్లు కూడా మనుషుల కోసం లారీ ఆ కొట్టు ముందుకే తెచ్చేవారు. కూర్చోనివ్వడం ఇప్పుడు మనకు పెద్ద విషయంగా తోచదు. మనిషి ఎక్కడ నిలబడాలో, ఎవరికి దారి ఇవ్వాలో అడుగడుగునా రాసిపెట్టిన సమాజంలో దానికి వేరే విలువ ఉంది.

నా వాదానికి మొదటి ఆక్షేపణ తెలిసిందే. చైనావాళ్లు కష్టజీవులు, పొదుపరులు, బంధుబలగం గలవాళ్లు. వాళ్లెక్కడున్నా కొట్టు పెట్టి నెగ్గుకొస్తారు అంటారు. బంధుబలగం మాట నిజమే. కొత్తగా వచ్చిన కుర్రవాడు బాబాయి కొట్లో కొన్నేళ్లు పనిచేసి, కిటుకులు నేర్చి, తలా కొంత వేసిన పెట్టుబడితో పక్క ఊళ్లో సొంత కొట్టు తెరిచేవాడు. అయితే కొట్టు ఎలా తెరిచారో చెప్పడానికి అది పనికొస్తుంది, కొట్టే ఎందుకన్నదానికి పనికిరాదు. అదే సీయీ తాలూకాల మనుషులు శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికారు, కాలిఫోర్నియా పొలాల్లో పండ్లు కోశారు, సియెర్రా కొండల్లో రైలుమార్గం వేశారు. డెల్టాలో దాదాపు అందరూ కిరాణాలోనే ఉన్నారు. పొదుపూ బంధుత్వమూ అన్నిచోట్లా ఒకటే. నల్లవారికి సరుకు అమ్మడం తెల్లవాడికి నామోషీ, నల్లవాడికి పెట్టుబడీ టోకు అప్పూ పుట్టనివ్వని కట్టుదిట్టం, ఈ రెండూ కలిసి ఖాళీగా వదిలిన జాగా మాత్రం డెల్టాది. లోవెన్ తేల్చింది కూడా దాదాపు ఇదే. నేను దానికి వలస చట్టాన్ని కూడా చేరుస్తున్నాను.

రెండో ఆక్షేపణ కొంచెం గట్టిది. డెల్టాలో ఇటాలియన్లు, యూదులు, లెబనాన్ నుంచి వచ్చినవాళ్లు కూడా నల్లవారికి సరుకులు అమ్మారు. మరి వాళ్లకు తలుపులు మూయలేదు కదా? మూయలేదు, అందుకే వాళ్లు అందులోనే ఉండిపోలేదు. వాళ్లకు పౌరసత్వం దొరికేది, పిల్లలు తెల్లవారి బడికే వెళ్లేవారు. కొంత వెనకేసుకోగానే బట్టల దుకాణానికో, పెద్ద బజారుకో మారే దారి ఉంది. చైనా కుటుంబానికి ఆ దారి లేదు. అందువల్ల ఒక తరం తర్వాత ఇంకొక తరం అదే పేటలో, అదే కొట్టు వెనక గదిలో ఉండిపోయింది. పేటలో ఎవరి ఇంట్లో జబ్బు, ఎవరికి పని పోయింది, ఎవరి బాకీ వసూలవుతుంది అన్నీ తెలిసేంతగా ఒకే చోట పాతుకుపోతేనే కొట్టు కూడలి అవుతుంది. కదలడానికి వీల్లేకపోవడం వల్ల అలా పాతుకుపోయారు.

మూసిన తలుపుల్లో అన్నిటికన్నా బాధించినది బడి తలుపు. రోజ్‌డేల్‌లో గాంగ్ లమ్ అనే కిరాణా వర్తకుడి కూతురు మార్తాను 1924 సెప్టెంబరులో, బడి తెరిచిన రోజే, మధ్యాహ్నం విరామంలో పిలిచి తెల్లవారి బడికి ఇక రావద్దన్నారు. రాష్ట్ర రాజ్యాంగం తెల్లవారికీ, రంగుజాతులవారికీ వేరువేరు బడులు ఉండాలంటుంది, చైనా పిల్ల తెల్లది కాదు కదా అన్నది కారణం. లమ్ కుటుంబం కోర్టుకెక్కింది. వాళ్ల వకీలు మిస్సిసిపీ మాజీ గవర్నరు ఎర్ల్ బ్రూయర్. కింది కోర్టులో గెలిచారు, 1925లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడారు. 1927 నవంబరు 21న అమెరికా సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి విలియమ్ టాఫ్ట్ కలంతో, ఒక్క గొంతుగా రాష్ట్రం పక్షానే తీర్పిచ్చింది. ఈ కేసును పౌరహక్కుల పోరాటంలో తొలి మెట్టుగా కొందరు రాస్తున్నారు. దస్తావేజులు చూస్తే అంత సులువుగా ఒప్పుకోలేం. బడుల విభజన తప్పని లమ్ తరఫు వాదించలేదు. మా పిల్ల రంగుజాతి కాదు, నల్లపిల్లలతో కలవకుండా తెల్లపిల్లలకు ఉన్న రక్షణ మా పిల్లకూ కావాలి అన్నది వాదన. నాలుగేళ్ల ముందు, 1923లో, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు అదే కోర్టులో తాను ఆర్యుణ్ని, అగ్రకులస్థుణ్ని, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని పౌరసత్వం అడిగి ఓడిపోయాడు. గోడ కూల్చమని వీళ్లిద్దరూ అడగలేదు, గోడకు అవతల చోటు అడిగారు. వాళ్లను ఇప్పుడు మనం దూషించడం తేలిక. ఆ కోర్టులో అంతకన్నా ఎక్కువ అడిగితే వినేవాడే లేడు. ఓడిన లమ్ కుటుంబం నది దాటి ఆర్కన్సాకు మారింది. చేరిన ఊరు ఎలేన్, పద్దు అడిగిన పాలు రైతుల్ని ఎనిమిదేళ్ల ముందు చంపిన ఎలేనే.

తీర్పు తర్వాత డెల్టా చైనావాళ్లు ఎంచుకున్న దారి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. భార్యలను తెచ్చుకోలేని తొలి రోజుల్లో కొందరు మగవాళ్లు నల్ల స్త్రీలతో కాపురాలు పెట్టుకున్నారు, పిల్లలు కలిగారు. తెల్లవారి పెద్దలు బడి తలుపు తెరవడానికి ఒక షరతు పెట్టారు: నల్లవారితో చుట్టరికం ఉన్న కుటుంబాలను మీరే దూరంగా పెట్టాలి. చైనా పెద్దలు ఆ పని చేశారు. అలాంటి కుటుంబాలను వెలివేశారు, కొందరిని ఊరొదిలి పొమ్మన్నారు. ఈలోగా బాప్టిస్టు చర్చి సాయంతో 1937లో క్లీవ్‌లాండ్‌లో చైనా పిల్లలకు వేరే బడి కట్టారు. 1940ల నడుమ నుంచి ఒక్కొక్క ఊళ్లో తెల్లవారి బడి తలుపు వీళ్లకు తెరుచుకుంది. పగలంతా నల్లవారి పేటలో కొట్టు, బడి మాత్రం తెల్లవారి వైపు, గుడి తమదే. పేటకు కూడలి అయిన ఆ కుటుంబం పేటలో మనిషి మాత్రం కాలేదు, కానివ్వలేదు కూడా.

ఇక మూడో ఆక్షేపణ. ఆ కొట్టు నల్లవారి కూలి డబ్బును పిండుకున్నదే అని కొందరంటారు. అప్పు మీద ధర పెంచి అమ్మారన్నదీ, మిగిలిన లాభం పేటలోకి తిరిగి రాలేదన్నదీ కాదనలేం. పేటలోని నల్ల యువకుడు అదే మలుపులో కొట్టు పెట్టుకోవాలనుకుంటే టోకు వ్యాపారి అతనికి సరుకు అప్పివ్వడు; ఆ అన్యాయం మీదే చైనా కొట్టు నిలబడింది. కానీ పోల్చవలసింది దేనితో? ఎస్టేటు కొట్టుతో. అక్కడ బాకీ తీరేదాకా రైతు ఊరు కదలకూడదు, కదిలితే తుపాకులు వెంట పడేవి. చైనావాడికి బాకీ ఎగ్గొడితే అతను చేయగలిగింది మరుసటి వారం అప్పివ్వకపోవడమే. అతని వెనక షెరీఫ్ లేడు, చేతిలో ఓటు లేదు. కొనేవాడు వేరే కొట్టుకు పోగలిగినప్పుడే అమ్మేవాడు మర్యాదగా ఉంటాడు. ఆ మర్యాదకు పునాది ఇది. దాన్ని స్నేహమని పిలిస్తే అబద్ధమవుతుంది, దోపిడీ అని కొట్టిపారేసినా అబద్ధమే అవుతుంది.

నా వాదానికి గట్టి పరీక్ష ఆ కొట్లు మూతపడిన తీరులో ఉంది. 1944 అక్టోబరు 2న క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ఎస్టేటులో పత్తి తీసే యంత్రాలను జనం ముందు నడిపి చూపించారు. ఒక్కొక్కటి యాభైమంది పని చేసింది. బేలు పత్తి తీయడానికి మనుషులతో అయితే 39 డాలర్ల 41 సెంట్లు, యంత్రంతో 5 డాలర్ల 26 సెంట్లు. తర్వాత రెండు దశాబ్దాల్లో నల్లవారు రైలెక్కి షికాగో వెళ్లిపోయారు. కౌంటరుకు అవతలి వైపు ఖాళీ అయింది. ఇవతలి వైపు కూడా చట్టాలు సడలాయి. బహిష్కార చట్టం 1943లో రద్దయింది, పౌరసత్వం వచ్చింది, బడులు తెరిచారు, విశ్వవిద్యాలయాలు తెరిచారు. 1965లో వచ్చిన కొత్త వలస చట్టం, లక్షల మంది తెలుగువాళ్లకు తర్వాత అమెరికా దారి చూపిన చట్టం, బంధుత్వానికి పెద్దపీట వేసినా, చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్లకు కూడా చోటిచ్చింది. కొట్లో చిల్లర లెక్కపెడుతూ పెరిగిన పిల్లలు ఇంజినీర్లు, ఫార్మసిస్టులు అయి హ్యూస్టన్‌కూ కాలిఫోర్నియాకూ పోయారు. 1960లో మిస్సిసిపీలో చైనీయులు వెయ్యి పైచిలుకు. వాళ్లలో ఎక్కువమందిది ఆ కొట్ల బతుకే. ఒకటి రెండు తరాల్లో ఆ కొట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నింటికి వచ్చాయి. పొదుపు తగ్గిందా, కష్టపడటం మానేశారా? అవి అలాగే ఉన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి, కాబట్టి వాళ్లు బయటికి నడిచారు. కొట్టు వల్ల పిల్లల చదువులు సాగాయి, ఆ చదువులే కొట్టును మూయించాయి. తమ తర్వాత ఎవరూ అందులో నిలబడకూడదనే ఆ తల్లిదండ్రులు అన్నేళ్లు అందులో నిలబడ్డారు.

ఇప్పుడు క్లీవ్‌లాండ్‌లో డెల్టా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో ఒక చిన్న మ్యూజియం ఉంది. ఆ కొట్ల త్రాసులు, గల్లాపెట్టెలు, కుటుంబాల ఫోటోలు అందులో ఉన్నాయి. వెలివేసిన ఆ కలగలుపు కుటుంబాల కథ మాత్రం ఇంకా ఎవరైనా పూర్తిగా రాయవలసే ఉంది.

వచ్చే సంచికలో ఉగాండా వెళదాం. డెల్టాలో గిరాకీ ఊరు విడిచిపోయింది. ఉగాండాలో 1972 ఆగస్టులో నియంత ఇదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి కొట్టువాళ్లనే దేశం దాటించాడు.